గురుకుల విద్యలో చదువు, ఆటలు: ‘ప్రతిభ’ భావన పరిణామం

వ్యాససంగ్రహం

తెలుగు ప్రాంతాలలో ప్రభుత్వ గురుకుల విద్య చరిత్రను పరీక్షా ఫలితాల చరిత్రగా చెప్పుకోవడం పరిపాటి. ఆటస్థలం, దినచర్య, భోజనశాల ఆ కథనంలో అనుబంధాలుగానే మిగిలిపోయాయి. గురుకులం పేద విద్యార్థికి ఇచ్చిన ప్రధాన వనరు సమయమని, చదువులో ర్యాంకు, క్రీడలో పతకం ఆ సమయం నుంచే పుట్టిన రెండు ఫలితాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 1971 నుంచి 2023 వరకు ఎంపిక చేసిన సందర్భాల ఆధారంగా, ‘ప్రతిభ’ను పరీక్షతో కనుగొనవలసిన నిధిగా చూసిన దృష్టి, దానిని అవకాశంతో రూపొందే శక్తిగా చూసే దృష్టి వైపు ఎలా సాగిందో పరిశీలిస్తుంది.

కీలక పదాలు: గురుకులం, ప్రతిభ, దినచర్య, క్రీడలు, సర్వేల్, నవోదయ, సాంఘిక సంక్షేమ గురుకులాలు

1. ఉపోద్ఘాతం

‘గురుకులం’ అనే పదానికి సంస్కృత సాహిత్యంలో గురువు ఇల్లు, గురువు కుటుంబం అని అర్థం. శిష్యుడు ఆ ఇంట నివసించి, సేవ చేస్తూ విద్య నేర్చేవాడు. అయితే ఆ ఇంటి గడప అందరికీ ఒకే విధంగా తెరుచుకోలేదు. మహాభారతం ఆదిపర్వంలోని ఏకలవ్యుడి కథ ఇందుకు ప్రసిద్ధ నిదర్శనం. నిషాదుడన్న కారణంగా ద్రోణుడు నిరాకరించిన బాలుడు మట్టిబొమ్మ ముందు ఒంటరిగా సాధన చేసి విలుకాడయ్యాడు. చివరకు బొటనవేలు గురుదక్షిణగా ఇచ్చుకున్నాడు. గురుకులం నిరాకరించినది శాస్త్రపాఠాన్ని కాదు, విలువిద్యను. అంటే శారీరక నైపుణ్యంలో శిక్షణను.

ఇరవయ్యో శతాబ్ది ద్వితీయార్ధంలో ప్రభుత్వాలు ఇదే పదాన్ని గ్రామీణ, దళిత, గిరిజన, వెనుకబడిన వర్గాల పిల్లల ఆశ్రమ విద్యాలయాలకు పెట్టాయి. గిరిజన విద్యార్థుల కోసం కేంద్రం 1997-98లో ప్రారంభించిన ఆదర్శ ఆశ్రమ పాఠశాలలకు ఏకలవ్యుడి పేరే నిలిచింది. పేరు పాతదే. ప్రవేశించే వారు మారారు. ఈ మార్పు పాఠశాల లోపలి జీవితాన్ని, ముఖ్యంగా చదువుకు, ఆటలకు మధ్య ఉన్న సంబంధాన్ని ఎలా మార్చిందన్నది ఇక్కడి ప్రశ్న.

2. పూర్వరంగం: కులీనుల పాఠశాల, కులాల వసతి గృహం

హైదరాబాదు రాజ్యంలో విద్యార్థి నివాసానికి రెండు భిన్నమైన నమూనాలు కనిపిస్తాయి. మొదటిది, ఏడవ నిజాం కాలంలో 1923లో బేగంపేటలో ఏర్పడిన జాగీర్దార్స్ కాలేజి. జాగీర్దారుల కుమారుల కోసం ఇంగ్లండులోని పబ్లిక్ స్కూళ్ల తరహాలో దానిని రూపొందించారు. ఆ తరహా పాఠశాలల్లో క్రీడామైదానం విద్యలో అంతర్భాగం. పాలకవర్గానికి కావలసిన క్రమశిక్షణ, నాయకత్వం అక్కడ అలవడుతాయన్నది వాటి విశ్వాసం. జాగీర్దారీ వ్యవస్థ రద్దయ్యాక 1951లో ఈ సంస్థ హైదరాబాద్ పబ్లిక్ స్కూలుగా మారింది.

రెండవది, 1918లో రాజా బహదూర్ వెంకటరామారెడ్డి పూనికతో ఏర్పడిన రెడ్డి హాస్టల్ వంటి వసతి గృహం. సురవరం ప్రతాపరెడ్డి వంటి వారు దాని నిర్వహణలో పాలుపంచుకున్నారు. పల్లెల నుంచి నగరానికి చదువుకోసం వచ్చే విద్యార్థులకు తిండి, నీడ కల్పించడం ఇటువంటి గృహాల లక్ష్యం. వివిధ కులాల పేరుతో మరికొన్ని వసతి గృహాలు తరువాత వెలిశాయి.

మొదటి నమూనాలో పాఠశాల, నివాసం, మైదానం ఒకే ఆవరణలో ఉన్నాయి కాని సామాన్యులకు ప్రవేశం లేదు. రెండవ దానిలో గ్రామీణులకు ప్రవేశం ఉంది కాని వసతి గృహం వేరు, పాఠశాల వేరు. విద్యార్థి దినమంతటినీ ఒకే విద్యాప్రణాళిక కిందికి తెచ్చే వీలు అక్కడ లేదు. సామాన్యుల పిల్లలకు మొదటి నమూనా వసతులు కల్పించడమే స్వాతంత్ర్యానంతర గురుకుల ప్రయత్న సారాంశం. 1962లో విజయనగరం సమీపంలోని కోరుకొండ రాజప్రాసాదంలో సైనిక పాఠశాల ప్రారంభం కావడం ఈ మార్గంలో ఒక మజిలీ. రక్షణ దళాల అధికారులను తయారు చేయడం దాని ఉద్దేశం కనుక వ్యాయామానికి, ఆటలకు అక్కడ చదువుతో సమానమైన ప్రాధాన్యం దక్కింది.

3. సర్వేల్ నమూనా: వెదకి పట్టిన ప్రతిభ

పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, 1971లో నాటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో రాష్ట్ర ప్రభుత్వ గురుకుల పాఠశాల ప్రారంభమైంది. మరుసటి సంవత్సరం గుంటూరు జిల్లా తాడికొండలో, అనంతపురం జిల్లా కొడిగెనహళ్లిలో అటువంటి పాఠశాలలు వచ్చాయి. పల్లెల్లో ప్రతిభ ఉంది, అయితే అది వెలుగులోకి రావడం లేదు, ప్రవేశ పరీక్షతో దానిని గుర్తించి మంచి వసతుల మధ్య పెంచాలి అన్నది వీటి వెనుక ఉన్న ఆలోచన. పదవ తరగతి ఫలితాలలో ఈ పాఠశాలలు సాధించిన ర్యాంకులు ఆ ఆలోచనకు ప్రజామోదం తెచ్చాయి.

ఇదే భావన జాతీయ స్థాయికి చేరింది. 1985లో పి.వి. కేంద్ర మానవ వనరుల అభివృద్ధి మంత్రి అయ్యారు. 1986 జాతీయ విద్యావిధానం గతినిర్దేశక పాఠశాలలను ప్రతిపాదించింది. వాటికి ముందడుగుగా 1985-86లోనే హర్యానాలోని ఝజ్జర్, మహారాష్ట్రలోని అమరావతిలో తొలి నవోదయ విద్యాలయాలు ప్రారంభమయ్యాయి. కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ విద్యార్థులకు, మూడో వంతు బాలికలకు కేటాయించారు. తొమ్మిదో తరగతిలో 30 శాతం విద్యార్థులను హిందీ, హిందీయేతర రాష్ట్రాల మధ్య పరస్పరం మార్చే ఏర్పాటు వల్ల తెలుగు పల్లె విద్యార్థి ఏడాదిపాటు మరో భాషా ప్రాంతంలో నివసించి చదివే అవకాశం కలిగింది.

ఎంపిక పరీక్ష వందలమంది నుంచి కొద్దిమందిని ఏరుతుంది. మిగిలినవారిలో ప్రతిభ లేదనే అర్థం, ఎవరూ పలకకపోయినా, ఆ వడపోతలో ఇమిడి ఉంటుంది. 1993లో హకీంపేటలో ఏర్పడిన క్రీడా పాఠశాల కూడా ఈ తర్కాన్నే శరీరానికి వర్తింపజేసింది. నాలుగో తరగతి ప్రవేశానికి వచ్చిన బాలబాలికల ఎత్తు, బరువు కొలిచి, 30 మీటర్ల పరుగు, 800 మీటర్ల పరుగు, మెడిసిన్ బాల్ విసరడం వంటి పరీక్షలు పెట్టి ఎంపిక చేస్తారు. ఒకచోట లెక్కల ప్రశ్న, మరొకచోట పరుగు. రెండింటిలోనూ ప్రతిభ ముందే ఉంటుంది, పరీక్ష దానిని బయటపెడుతుంది అన్నదే నమ్మకం.

4. దినచర్య: గంట పంచిన కాలం

ఈ నమ్మకాన్ని గురుకుల దినచర్యే ప్రశ్నిస్తుంది. తెల్లవారకముందే మోగే గంట, వ్యాయామం, స్నానం, ప్రార్థన, తరగతులు, సాయంత్రం కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, ఆపై స్టడీ అవర్, భోజనం, దీపాలు ఆర్పే వేళ. చిన్న మార్పులతో గురుకులాలన్నింటా ఇదే క్రమం. ట్రంకుపెట్టె, కంచం, గ్లాసు, పరుపుచుట్టతో వచ్చిన విద్యార్థికి ఈ గంటల క్రమం తొలినాళ్లలో కష్టంగానే ఉంటుంది. తల్లిదండ్రులు చూడవచ్చే ఆదివారం కోసం ఎదురుచూపు ఆ జీవితంలో విడదీయరాని భాగం.

అదే విద్యార్థి ఇంటివద్ద ఉంటే సాయంకాలం ఎలా గడిచేదో పోల్చి చూస్తే ఈ క్రమం విలువ తెలుస్తుంది. వ్యవసాయ కూలీల ఇళ్లలో బడి వదిలాక పిల్లలకు పశువులు, నీళ్లు, వంట, తమ్ముళ్ల చెల్లెళ్ల సంరక్షణ ఎదురవుతాయి. పత్తి ఏరే కాలంలో బడి ఉన్న రోజులు కూడా కూలిరోజులుగా మారుతాయి. ఆడపిల్లల విషయంలో ఈ భారం మరింత ఎక్కువ. ఆపై బాల్యవివాహ భయమూ ఉంటుంది. గురుకులం ఈ పనుల నుంచి పిల్లలను తప్పించి, మూడుపూటలా తిండి పెట్టి, రోజులో కొన్ని గంటలను వారి సొంతం చేసింది. సాయంత్రం ఆడిన ఆట, రాత్రి చదివిన పాఠం ఈ గంటల నుంచి వచ్చినవే. ధనిక కుటుంబంలోని పిల్లలకు ఇంట్లోనే దొరికే తీరిక పేద విద్యార్థికి ప్రభుత్వ సంస్థ ద్వారా దొరికింది. పరీక్ష ప్రతిభను వెదికి పట్టిందని చెప్పినచోట వాస్తవంలో ఆ ప్రతిభను పెంచింది ఈ తీరికే.

5. భువనగిరి కొండ నుంచి: రూపొందిన ప్రతిభ

1980ల దశకంలో విస్తరించిన సాంఘిక సంక్షేమ గురుకులాలు ప్రధానంగా దళిత విద్యార్థుల కోసం ఏర్పడ్డాయి. ఐ.పి.ఎస్. అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ కార్యదర్శిగా ఉన్న కాలంలో ఈ పాఠశాలల విద్యార్థులకు పర్వతారోహణ శిక్షణ మొదలైంది. తొలి శిక్షణ భువనగిరి కొండపై జరిగింది. తరువాత డార్జిలింగ్, లద్దాఖ్‌లలో అంచెలంచెలుగా వడపోసి చివరకు ఇద్దరిని ఎంపిక చేశారు. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన గిరిజన వ్యవసాయ కూలీ కుటుంబపు బాలిక, తాడ్వాయి గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా విద్యార్థి సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు శిఖరం చేరారు. అప్పటికి పూర్ణ వయసు 13 ఏళ్ల 11 నెలలు. ఎనిమిది రోజుల తరువాత రాష్ట్రం రెండుగా విడిపోయింది.

ఈ సంఘటనను సాహసగాథగా చెప్పడం సులభం. చరిత్ర దృష్టితో చూస్తే దీని ప్రాముఖ్యం మరొకటి. పూర్ణ పాఠశాలలో చేరింది పర్వతారోహకురాలిగా కాదు. ఆమెలోని ఆ సామర్థ్యాన్ని ఏ ప్రవేశ పరీక్షా కొలవలేదు. తిండి, సమయం, శిక్షకుడు, పరికరాలు, నమ్మకం కలిసినప్పుడు అది రూపుదిద్దుకుంది. సర్వేల్, భువనగిరి కొండ నేడు ఒకే యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నాయి. ప్రతిభను పరీక్షతో వెదికిన తొలి గురుకులం, శిక్షణతో రూపొందించిన కొండ పక్కపక్కనే ఉండటం యాదృచ్ఛికమే అయినా, గురుకుల చరిత్రలోని రెండు దశలను అవి గుర్తుచేస్తాయి.

తరువాతి ఉదాహరణ నందిని అగసర. చాయ్ అమ్ముకొని జీవించే కుటుంబం నుంచి వచ్చి తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన ఆమె, 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల హెప్టథ్లాన్‌లో 5712 పాయింట్లతో కాంస్యపతకం సాధించింది. హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, 200 మీటర్లు, లాంగ్‌జంప్, జావెలిన్, 800 మీటర్లు అనే ఏడు అంశాలను రెండు రోజుల్లో పూర్తిచేయవలసిన పోటీ ఇది. ఏ ఒక్క సహజ వరమూ దీనికి చాలదు. ఏళ్ల తరబడి క్రమం తప్పని సాధన కావాలి. అటువంటి సాధనకు మొదట కావలసినది సమయమే.

6. పరిమితులు

ఈ చరిత్రను విజయాల వరుసగా ముగించడం సరికాదు. గోండీ, కోయ వంటి భాషలు మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు ఆశ్రమ పాఠశాలలోని బోధన పరభాషలోనే సాగుతుంది. ఇంటి నుంచి దూరం వారికి భాష నుంచి దూరం కూడా. సీట్లు పరిమితం కనుక పల్లెలోని సాధారణ ప్రభుత్వ పాఠశాలలో మిగిలినవారికి మైదానం, వ్యాయామోపాధ్యాయుడు అందుతాయన్న హామీ లేదు. ర్యాంకుల పోటీ పెరిగిన కొద్దీ సాయంత్రపు ఆటల గంటను అదనపు తరగతికి మళ్లించాలన్న ఒత్తిడీ పెరుగుతుంది. దినచర్యలో ముందుగా కోతపడేది ఆ గంటే. సమయమే గురుకులం ఇచ్చిన మౌలిక వనరు అనుకుంటే, ఆ గంటను తొలగించడం వినోదాన్ని తగ్గించడం కాదు, సంస్థ మూలలక్ష్యాన్ని తగ్గించడం.

7. ముగింపు

గురుకుల విద్యా చరిత్రను ర్యాంకుల పట్టికగా కాక దినచర్య చరిత్రగా చదివినప్పుడు చదువు, ఆటలు పరస్పర విరుద్ధాలుగా కనిపించవు. పనిభారం నుంచి విముక్తి పొందిన పిల్లల రోజుకు అవి రెండు ముఖాలు. జాగీర్దారు కుమారుడికి 1923లో సహజ హక్కుగా అందినది కూలీ కుమార్తెకు అందడానికి తొంభై ఏళ్లు పట్టింది. ప్రతిభను వెదికే పరీక్షలు ఇకముందూ ఉంటాయి. అయితే ఆ పరీక్షలో నిలవని పిల్లలకు కూడా అదే తిండి, అదే మైదానం, అదే సాయంకాలం దక్కాలన్నది ఈ చరిత్ర నుంచి తేలే నిర్ధారణ. ఏకలవ్యుడికి లోపించినది ప్రతిభ కాదు, ప్రవేశం. ఆ పేరుతో పాఠశాలలు నడుపుతున్న కాలంలో ఈ భేదాన్ని విస్మరించకపోవడం అవసరం.