మసాలా పొట్లం మీద ఒక దేశం

మొన్న వేసవిలో హ్యూస్టన్ నుంచి వచ్చిన మా బాబాయి కొడుకు, చాక్లెట్ల మధ్యలోంచి ఒక మసాలా పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. దాని మీద ‘కేజన్ సీఫుడ్ బాయిల్’ అని ఉంది. “మన రొయ్యల్తో చెయ్యక్కా, అదిరిపోద్ది” అన్నాడు. వారం తిరిగేసరికి భీమవరం నుంచి రాత్రి బస్సులో, థర్మాకోల్ పెట్టెలో ఐసు మధ్యన రెండు కేజీల రొయ్యలు వచ్చాయి. వాటికి కాపలాగా మా మేనత్త కూడా వచ్చింది.

పొట్టు తీయొద్దంటేనే అత్త మొహం మారింది. ఉడకబెట్టాక నీళ్లు వంపేయాలని చెప్పేసరికి కుర్చీలోంచి లేచి వచ్చింది. “రొయ్యల్ని నీళ్లల్లో ఉడకేసి, ఆ నీళ్లు పారబోత్తారా? సారమంతా అందులోనే పోద్ది కదే!” ఆ తర్వాత పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి చూసి అడిగింది: “ఇంతకీ కేజన్ అంటే ఏంటే? కంపెనీ పేరా?”

నిజం చెప్పాలంటే చాలా ఏళ్లు నాకూ అది ఒక రుచి పేరే. మన బఫేల్లో కేజన్ పొటాటో అని పెడతారు, చిప్స్ ప్యాకెట్ల మీదా ఉంటుంది. ఎర్రగా, కాస్త ఘాటుగా ఉంటే కేజన్. అది ఒక దేశం పేరులో అరిగిపోగా మిగిలిన ముక్క అని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ దేశం పేరు అకాడీ. 1604-05లో ఫ్రెంచివాళ్లు ఉత్తర అమెరికా తూర్పు కొసన, ఇప్పటి కెనడాలోని నోవా స్కోషియా తీరాన దిగారు. తర్వాతి తరాల్లో అక్కడ ఊళ్లు లేచాయి. ఆ తీరంలోని ఫండీ అఖాతంలో సముద్రపు పోటు ప్రపంచంలోకెల్లా ఎత్తు, కొన్నిచోట్ల 15 మీటర్లు దాటుతుంది. అలాంటి చోట ఈ రైతులు అడవి కొట్టకుండా, సముద్రం ముంచే చిత్తడి నేలకే కట్టలు పోశారు. కట్ట అడుగున ఒక చెక్క తూము, అందులో పైనుంచి వేలాడే తలుపు. ఆటు సమయంలో వాననీళ్లు లోపలినుంచి తోస్తే తలుపు తెరుచుకుంటుంది. పోటులో ఉప్పునీరు బయటినుంచి నెడితే మూసుకుపోతుంది. రెండు మూడేళ్ల వానలకి ఉప్పు కడుక్కుపోయి, నేల గోధుమ పంటకు వచ్చేది. ఈ ముక్క చెప్పినప్పుడు అత్త మొదటిసారి ఆసక్తిగా తలూపింది. డెల్టాలో పుట్టినవాళ్లకి తూము గురించి రెండోసారి చెప్పక్కర్లేదు. అడవిని ఆక్రమించకపోవడం వల్లే అక్కడి మిక్‌మా ఆదివాసులతో ఈ రైతులకు చాలావరకు పొత్తు కుదిరింది కూడా.

1713లో యుట్రెక్ట్ సంధితో ఆ నేల బ్రిటన్ చేతికి పోయింది. మనుషులు ఫ్రెంచి క్యాథలిక్కులు, రాజు ప్రొటెస్టెంటు ఇంగ్లీషువాడు. ‘విధేయంగా ఉంటాం కానీ ఫ్రాన్సు మీద ఆయుధం పట్టం’ అన్న షరతుతో వాళ్లు నలభై ఏళ్లు నెట్టుకొచ్చారు. 1755లో మళ్లీ యుద్ధం ముంచుకొచ్చేసరికి గవర్నర్ చార్లెస్ లారెన్స్ షరతుల్లేని ప్రమాణం చేయమన్నాడు. వాళ్లు చేయలేదు.

ఆ ఏడు సెప్టెంబర్ 5న గ్రాన్-ప్రే అనే ఊళ్లో, చర్చికి రమ్మని మగవాళ్లందరికీ కబురు వెళ్లింది. పది దాటిన పిల్లలు సహా 418 మంది వచ్చారని, ఆ పని చేయించిన కల్నల్ జాన్ విన్‌స్లో తన డైరీలోనే రాసుకున్నాడు. తలుపులు మూశాక ఉత్తర్వు చదివారు: భూములు, ఇళ్లు, పశువులు ఇక రాజుగారివి, డబ్బూ మోయగలిగిన సామానూ తప్ప మీకేమీ లేదు, మిమ్మల్ని ఈ దేశం నుంచి పంపేస్తున్నాం. ఓడలెక్కించే తొందరలో ఎన్నో కుటుంబాలు తలో దిక్కూ అయ్యాయి. తిరిగి రాకుండా ఊళ్లు తగలబెట్టారు. 1763 దాకా సాగిన ఆ తరిమివేతలో పది వేలమందికి పైగా నేల విడిచారు. ఓడలు మునిగి, మశూచి సోకి వేలల్లో పోయారు. మిగిలినవాళ్లని మసాచుసెట్స్ నుంచి జార్జియా దాకా బ్రిటిష్ కాలనీల్లో దించారు. వర్జీనియా మాకొద్దని తిప్పి ఇంగ్లండుకు పంపేసింది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. లూసియానాకు వాళ్లని బ్రిటిష్‌వాళ్లు తీసుకెళ్లలేదు. పదేళ్ల తిరుగుడు తర్వాత వాళ్లే వెతుక్కుంటూ వెళ్లారు. 1765లో బోసొలేగా పేరుపడ్డ జోసెఫ్ బ్రూసార్ అనే పోరాటకారుడి వెంట సుమారు 200 మంది అక్కడ దిగారు. ఫ్రెంచి నేల అనుకుని వస్తే, అప్పటికే ఫ్రాన్సు దాన్ని గుట్టుచప్పుడు కాకుండా స్పెయిన్‌కు రాసిచ్చేసింది. స్పెయిన్‌కు మాత్రం ఆ చిత్తడిని సాగుచేసే మనుషులు కావాలి, ఉండనిచ్చింది. 1785లో ఫ్రాన్సు నుంచి మరో ఏడు ఓడల్లో దాదాపు 1,600 మంది వచ్చారు.

వాళ్లు తమని ‘అకాద్యాఁ’ అనుకునేవాళ్లు. వాడుకలో ముందరి ‘అ’ రాలిపోయింది. ‘ద్య’ కాస్తా ‘జ’ అయింది. మన సంధ్య సంజె అయినట్టే. చివరికి ఇంగ్లీషు నోటికి అది ‘కేజన్’. దేశం పోయినా పేరు ఉంది, పేరు కూడా సగమే ఉంది.

స్టౌ మీద నీళ్లు మరుగుతున్నాయి. పొట్లం విప్పితే అత్త ముక్కు పెట్టి ఒక్కొక్కటే పట్టేసింది: ఆవాలు, ధనియాలు, లవంగం, బిర్యానీ ఆకు, ఎండుమిరప. “అన్నీ మన పోపుల పెట్టెలోవే కదే!” అంది. తేడా అల్లా అవి వెళ్లే చోటు. మన వంటలో ఘాటు నూనెలో దిగుతుంది, అక్కడ నీళ్లలో. నీళ్లు సముద్రమంత ఉప్పగా ఉండాలి. ముందు బంగాళాదుంపలు, సగానికి కోసిన నిమ్మకాయలు, ఉల్లిపాయలు, వెల్లుల్లి పాయలు పాయలుగానే. దుంపలు మెత్తబడుతుండగా మొక్కజొన్న ముక్కలు, సాసేజ్. రొయ్యలు ఆఖర్న, రెండు మూడు నిమిషాలే. ఆపైన మంట ఆర్పి, ఓ గుప్పెడు ఐసు పడేసి, పావుగంట అలా వదిలేయాలి. రుచి పట్టేది ఉడుకుతున్నప్పుడు కాదు, ఆ నానుడులో.

లూసియానాలో దీనికి అసలు సరుకు రొయ్య కాదు, క్రాఫిష్. వేలెడు పొడవుండే ఎర్రటి మంచినీటి జీవి, చూడ్డానికి లోబ్‌స్టర్‌కి మనవడిలా ఉంటుంది. అక్కడివాళ్లు దీని గురించి ఒక కథ చెప్పుకుంటారు. అకాడీ నుంచి జనాన్ని తరిమేసినప్పుడు, వాళ్ల మీద బెంగతో అక్కడి లోబ్‌స్టర్లు కూడా వెంట ఈదుకుంటూ వచ్చాయట. దారి పొడుగునా తిండిలేక చిక్కి చిక్కి, లూసియానా బురదకి చేరేసరికి ఇంతే మిగిలాయట. తరిమివేత గురించి నేను చదివినవాటిలో ఈ పిట్టకథే ఎక్కువ గుర్తుండిపోయింది.

కథ పక్కన పెడితే ఆ బురదలో ఏం తినొచ్చో తెలిసినవాళ్లు వేరే ఉన్నారు. చిటిమాచా, హూమా ఆదివాసులు వీళ్లకన్నా ఎంతో ముందునుంచీ క్రాఫిష్ తింటున్నారు. గంబో అనే పులుసుకి పేరు పశ్చిమ, మధ్య ఆఫ్రికా భాషల్లో బెండకాయకున్న మాటనుంచి వచ్చిందంటారు. ఆ బెండనీ ఆ చేతివాటాన్నీ తెచ్చింది బానిసలుగా లాక్కొచ్చిన మనుషులు. గోధుమ రొట్టె తిన్న నోళ్లు మొక్కజొన్నకీ వరన్నానికీ అలవాటుపడ్డాయి. తరిమివేయబడ్డ జాతి కాబట్టి చేతులకి మరకల్లేవనీ అనలేం. రెండు మూడు తరాల్లోనే వాళ్లలో కొందరు చెరకు తోటల యజమానులయ్యారు, బానిసల్ని కొన్నారు. అకాడియన్ వంశస్థుడైన మాజీ గవర్నర్ అలెగ్జాండర్ మూటన్ 1861లో లూసియానా అమెరికా నుంచి విడిపోవాలని తీర్మానించిన సభకి అధ్యక్షత వహించాడు. అది బానిసత్వాన్ని కాపాడుకునే తీర్మానం.

ఎక్కువమంది మాత్రం చిన్న రైతులు, జాలర్లు. 19వ శతాబ్దం ముగిసేనాటికి ‘కేజన్’ అంటే చదువులేని మొరటు మనిషి అని తిట్టు. క్రాఫిష్ పేదల తిండి, చేపలకి ఎర.

ఇక 1921. లూసియానా కొత్త రాజ్యాంగం బడుల్లో బోధన ఇంగ్లీషులోనే ఉండాలంది. ఇంట్లో ఫ్రెంచి తప్ప వినని పిల్లలు బడికెళ్లి ఫ్రెంచి మాట్లాడినందుకు దెబ్బలు తిన్నారు, బియ్యపు గింజల మీదో మొక్కజొన్న గింజల మీదో మోకరిల్లారు, ఇక మాట్లాడనని వందల సార్లు రాశారు. ఒకటికి వెళ్లాలని ఇంగ్లీషులో అడగడం రాక బట్టలు తడుపుకున్న పిల్లల జ్ఞాపకాలు ఆ తరం మాటల్లో మళ్లీ మళ్లీ వస్తాయి. ఆ పిల్లలు పెద్దయ్యాక చేసిన పని ఒకటే. తమ పిల్లలతో ఫ్రెంచి మాట్లాడలేదు. వాళ్ల మీద ప్రేమతోనే మాట్లాడలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి ఫ్రాన్సులో దుబాసీలు కావాల్సొస్తే, బడిలో దెబ్బలు తిన్న ఆ భాషే పనికొచ్చింది. 1968లో రాష్ట్రమే ఫ్రెంచి అభివృద్ధికి కోడోఫిల్ అనే సంస్థ పెట్టి, ఫ్రాన్సు, బెల్జియం, కెబెక్‌ల నుంచి పంతుళ్లని రప్పించింది. వాళ్లు నేర్పింది పుస్తకాల ఫ్రెంచి. అమ్మమ్మతో మాట్లాడేందుకు పిల్లలకి అది అంతగా అక్కరకు రాలేదు.

ఇది చదువుతున్నప్పుడు నేను పుస్తకం మూసేసి కాసేపు కూర్చున్నాను. మా ఊరి ఇంగ్లీషు మీడియం బడిలో తెలుగులో మాట్లాడితే మాటకి రూపాయి జరిమానా ఉండేది. నాలుగో తరగతిలో క్లాసులో అందరికన్నా ఎక్కువ కట్టింది నేనే. ఇంట్లో చెబితే నాన్న నవ్వి రూపాయి ఇచ్చాడు, “ఇంగ్లీషు రావాలి కదమ్మా” అన్నాడు. నాకు రాజ్యాంగం, వాళ్లకి ఉన్నలాంటిది, అడ్డు రాలేదు. ఆ రూపాయి మా నాన్న జేబులోదే.

లూసియానాలో భాష తగ్గుతున్న ఆ దశాబ్దాల్లోనే తిండికి రోజులొచ్చాయి. 1959లో బ్రో బ్రిడ్జ్ అనే చిన్న ఊరిని రాష్ట్ర శాసనసభ ప్రపంచ క్రాఫిష్ రాజధాని అని ప్రకటించింది. మరుసటి ఏడు అక్కడ తిరునాళ్లు మొదలయ్యాయి. వరి కోశాక అదే చేలో నీళ్లు పెట్టి క్రాఫిష్ పెంచడం రైతులకి రెండో పంటైంది. 1979లో న్యూ ఆర్లీన్స్‌లో హోటల్ తెరిచిన పాల్ ప్రుధోమ్ మాడ్చిన రెడ్‌ఫిష్ అనే వంటకంతో కేజన్ రుచిని దేశమంతా తిప్పాడు. దాని గిరాకీకి సముద్రంలో ఆ చేపే కరువై, 1980ల్లో వేట ఆపాల్సొచ్చింది. ఒకప్పటి తిట్టు ఇప్పుడు పొట్లం మీద అచ్చయ్యే పేరు. రుచిని ఎవరైనా కొనుక్కుంటారు. భాషని మాత్రం కొనేవాళ్లుండరు, మాట్లాడేవాళ్లుండాలి.

1975 తర్వాత ఆ తీరానికి వియత్నాం శరణార్థులొచ్చారు. వాళ్లూ జాలర్లే, వాళ్లూ దేశం పోయినవాళ్లే. హ్యూస్టన్‌లో వాళ్లు ఉడికించిన క్రాఫిష్‌ని వెల్లుల్లి వెన్నలో దొర్లించి కొత్త రకం చేశారు. మా తమ్ముడు మరిగిన రుచి అదే. వాడి పళ్లెంలోకి మన గోదావరి జిల్లాలూ ఎప్పుడో వెళ్లిపోయాయి. దేశంలో రొయ్యల పెంపకంలో ఆంధ్రదే మొదటి స్థానం, మన రొయ్యకి పెద్ద కొనుగోలుదారు అమెరికా. చెరువుల్లో పెరిగే వనామీ కూడా అమెరికా ఖండాల పసిఫిక్ తీరం నుంచి వచ్చిందే, 2009లో ఇక్కడ దానికి అనుమతిచ్చారు. చవగ్గా దిగే ఈ రొయ్య వల్ల తమ వలలకి గిట్టడం లేదని లూసియానా జాలర్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. 2025 ఆగస్టులో భారత సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు, మా అత్త వాళ్ల ఊళ్లో చెరువు గట్ల మీద వేరే మాటే లేదు. ఆ గట్టు మీదివాళ్లకీ, ఆ పడవలోవాళ్లకీ ఒకరి ముఖం ఒకరికి తెలియదు. ఇద్దరి రొయ్యలూ ఒకే గంగాళంలో ఉడుకుతాయి.

అక్కడ దీన్ని బల్ల మీద పాత పేపర్లు పరిచి గుమ్మరిస్తారు. “సిరా అంటుకుద్ది” అని అత్త ఒప్పుకోలేదు, అరిటాకులు వేయించింది. చుట్టూ కూర్చుని చేతుల్తో ఒలుచుకు తిన్నాం. అత్త మొదట అనుమానంగా ఒకటి, తర్వాత లెక్కపెట్టకుండా తింది. నేను వంపేయబోతుంటే మాత్రం రెండు గరిటెల నీళ్లు గిన్నెలోకి తీసి ఫ్రిజ్‌లో దాచింది. మర్నాడు మిగిలిన రొయ్య తలకాయలు నూనెలో వేయించి, ఆ నీళ్లు పోసి, చింతపండు పిసికి పులుసు పెట్టింది. ఆ నీళ్లున్నాయి కదా అని ఉప్పు విడిగా వేయలేదు.

ఆ రాత్రి హ్యూస్టన్‌కి వీడియో కాల్ చేశాం. తమ్ముడి కొడుక్కి తొమ్మిదేళ్లు. వాడికి వచ్చిన తెలుగు మాటలు ఇడ్లీ, పప్పు, గోంగూర, రొయ్యలు. అత్త గిన్నె వంచి చూపించి, “ఇది పులుసురా, కేజన్ పులుసు” అంది. వాడు నవ్వుతూ “పులుసు” అన్నాడు. ‘ళ’ కాదు, ‘ల’ అని అత్త దిద్దక్కర్లేకుండానే శుభ్రంగా అన్నాడు. అత్త మురిసిపోయి, “అన్నం తిన్నావా నాన్నా?” అని అడిగింది. వాడు వాళ్ల నాన్న మొహం వంక చూశాడు. తమ్ముడు ఇంగ్లీషులో చెప్పాడు. వాడు ఇంగ్లీషులో జవాబిచ్చాడు. తమ్ముడు దాన్ని అత్తకి తెలుగులో చెప్పాడు.