నురగ చెప్పిన చరిత్ర

తాగే నీళ్లలో సబ్బు నురగ కనిపిస్తే మీరేం చేస్తారు? అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఫాల్మత్ పట్టణం వారు 1979లో సరిగ్గా ఈ కారణంగానే తమ మంచినీటి బావుల్లో ఒకదాన్ని మూసివేశారు. ఆ సబ్బు అక్కడికి ఎలా వచ్చింది? తెలుసుకోవాలంటే మనం 1936 దాకా వెనక్కి వెళ్లాలి.

ఫాల్మత్ ఉన్నది కేప్ కాడ్‌లో. మోచేయి వంచినట్లు అట్లాంటిక్ సముద్రంలోకి చాచుకొని ఉన్న ఇసుక నేల అది. మంచుయుగంలో హిమానీనదాలు తెచ్చి పోసిన ఇసుకా, గులకరాళ్లూ అన్నమాట. అక్కడివారు తాగేది ఆ ఇసుకలోని భూగర్భజలమే. పట్టణానికి ఉత్తరాన ఉన్న సైనిక స్థావరంలో 1936 నుంచి మురుగునీటిని శుద్ధిచేసి ఇసుక మడుల్లోకి వదిలేవారు. నీరు ఇంకిపోతుంది, ఇసుకే వడపోస్తుంది. ఆనాటికి అది తెలివైన పద్ధతే. కాని ఇంకిన నీరు ఆ తర్వాత ఎటు పోతుంది?

1970ల చివర అమెరికా జియలాజికల్ సర్వే శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నకు జవాబు కోసం పరిశీలక బావులు వేశారు. బావి అనగానే గిలక, చేద ఊహించుకోకండి. భూమిలోకి దించిన సన్నని గొట్టం ఇది. అడుగున కొద్దిమేర మాత్రం సన్నని చీలికలుంటాయి. ఆ లోతులోని నీరే లోపలికి వస్తుంది. పైన మూత, దానికి తాళం. మడులకు ఎగువన కొన్ని బావులు తప్పనిసరిగా ఉండాలి. మురుగు చేరకముందు నీరెలా ఉండేదో చెప్పేవి అవే. గొట్టంలో నిలవున్న నీటిని నమూనాగా పట్టకూడదు. ముందు దాన్ని తోడి పారబోసి, కొత్తగా ఊరిన నీటి ఉష్ణోగ్రత, విద్యుద్వాహకత నిలకడగా వచ్చేదాకా ఆగాలి. విసుగు పుట్టించే పనే గాని, ఇక్కడ తొందరపడితే తర్వాత ఎంత ఖరీదైన పరికరంతో పరీక్షించినా తప్పు జవాబే వస్తుంది.

బావులు చూపిన దృశ్యం ఇది: మడుల నుంచి దక్షిణంగా 3 కిలోమీటర్లకు పైగా సాగిన మురుగుపాయ. దాని మందం సుమారు 23 మీటర్లు. విచిత్రమేమిటంటే, దిగువకు పోయేకొద్దీ దానిమీద 6 నుంచి 15 మీటర్ల మేర శుభ్రమైన వాననీరు పరచుకొని ఉంది! పైపై లోతులోనే బావి వేసి ఉంటే "అంతా బాగుంది" అని నివేదిక రాసి ఇంటికి పోయేవారు.

ఇక నురగ సంగతి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత వచ్చిన డిటర్జెంట్లలో అణువుల గొలుసులు కొమ్మలు కొమ్మలుగా ఉండేవి. బాక్టీరియా వాటిని సులభంగా తినలేవు. 1960ల మధ్యలో అమెరికా పరిశ్రమ తిన్నని గొలుసులున్న రకానికి మారింది. అందుకే మడుల దగ్గరి కొత్త నీటిలో డిటర్జెంటు తక్కువ, దూరాన ఉన్న పాత నీటిలో ఎక్కువ. చెట్టు మానులోని వలయాల్లాగే, ఆ నీరు తన వయసు తానే చెప్పింది.

1985లో అక్కడే మరో ప్రయోగం చేశారు. బ్రోమైడ్ కలిపిన నీటిని భూమిలోకి పంపి, 656 చోట్ల నాటిన గొట్టాల కట్టలతో దాని వెంటపడ్డారు. ఒక్కొక్క కట్టలో వేర్వేరు లోతులకు దిగే 15 సన్నని గొట్టాలు. నీటి నడక రోజుకు సుమారు 42 సెంటీమీటర్లని తేలింది. బ్రోమైడ్ మబ్బు పొడవునా సాగిందే తప్ప పక్కలకు గాని, పైకీ కిందికీ గాని పెద్దగా కలవలేదు. మనమేమో నదిలో కలిసినట్లు భూమిలోనూ మురుగు పలచబడిపోతుందని అనుకుంటాం.

1995 డిసెంబరులో ఆ మడుల్లోకి నీరు వదలడం ఆపేశారు. అయినా పాయ మాయం కాలేదు. 60 ఏళ్లుగా ఇసుకరేణువులను అంటుకొని ఉన్న ఫాస్ఫేటు, వెనక వచ్చే శుభ్రమైన నీటిలోకి కొద్దికొద్దిగా వదలసాగింది. అది సమీపంలోని ఆషుమెట్ చెరువుకు చేరి నాచును పెంచుతుంది. దాన్ని అడ్డుకోవడానికి 2004లో, భూగర్భజలం చెరువులోకి ఊరే చోట, అడుగు మట్టిలో ఇనుప రజను కలిపారు. అది పనిచేస్తున్నదా లేదా అని చూడటానికి మళ్లీ గొట్టాలు దించవలసి వచ్చింది, ఈసారి చెరువు అడుగున.