ఇంగ్లీషులో నిర్మాణ క్రియల వ్యతిరేకార్థకాలు

వస్తువును చేయడం, మలచడం, కట్టడం, నేయడం వంటి పనులను తెలిపే ఇంగ్లీషు క్రియలకు ఎదురుగా నిలిచే పదాల చరిత్ర ఇది. 'మేక్' అనే క్రియకు ఇంగ్లీషులో అన్ని సందర్భాల్లోనూ ఒదిగే వ్యతిరేక పదం ఒక్కటీ లేదు. వస్తువు ఏ తీరున తయారైందో దాన్ని బట్టి వ్యతిరేకం మారుతుంది. తెలుగులోనూ మూట కడితే విప్పుతాం, ఇల్లు కడితే కూలుస్తాం. అయితే తెలుగు ఇందుకు విడివిడి క్రియలను వాడుకుంటుంది. ఇంగ్లీషు చాలావరకు ఉపసర్గలతో నెట్టుకొచ్చింది.

1066 నాటి నార్మన్ దండయాత్రకు ముందున్న పాత ఆంగ్లంలో ఈ పనికి ముఖ్యంగా రెండు ఉపసర్గలు ఉండేవి. మొదటిది 'అన్-'. నేటి 'అన్‌డూ', 'అన్‌బైండ్', 'అన్‌ఫోల్డ్' అప్పటి నుంచీ ఉన్నవే. 'అన్‌హ్యాపీ'లోని 'అన్-' మాత్రం వేరు. అది లేమిని సూచిస్తుంది, సంస్కృతంలోని 'అనంతం', 'అశుభం' మాటల్లోని ఉపసర్గకు చుట్టం. క్రియల ముందు చేరి పనిని వెనక్కి తిప్పే 'అన్-'కు జర్మన్‌లోని 'ఎంట్-' సోదరి. ఉచ్చారణ కలిసిపోవడంతో పాఠ్యపుస్తకాలు ఈ రెంటినీ ఒకే గాట కట్టేస్తాయి. అది సరికాదు.

రెండోది 'టో-'. ముక్కలైపోయేలా చేయడం దీని అర్థం. 'టోబ్రెకన్' అంటే తునాతునకలు చేయడం. మధ్యయుగం ముగిసేసరికి ఈ ఉపసర్గ దాదాపు అంతరించింది. న్యాయాధిపతుల గ్రంథంలో ఒక స్త్రీ గోపురం మీది నుంచి తిరుగటి రాయి విసిరి అబీమెలెకు తల పగలగొట్టే ఘట్టం ఉంది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు ఆ వాక్యంలో దీని జాడ ఇంకా కనిపిస్తుంది.

ఆ ఖాళీని ఫ్రెంచి, లాటిన్ మాటలు నింపాయి. పేర్చడం అనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచే 'డిస్ట్రాయ్', 'కన్‌స్ట్రక్ట్' రెండూ పుట్టాయి. ధ్వంసం చేసే మాట పదమూడో శతాబ్దంలోనే ఇంగ్లీషులో చేరితే, నిర్మించే మాట ఆ తర్వాత ఎప్పటికో గాని రాలేదు. పదహారో శతాబ్దంలో 'డిమాలిష్', 'డిస్‌మాంటిల్' వచ్చాయి. రెండోదానికి మూలార్థం పైవస్త్రం ఒలిచేయడం. పట్టణానికి పైవస్త్రం లాంటిది ప్రాకారం కనుక, కోటగోడలను పడగొట్టడానికి ఆ మాట వాడారు. ఇంగ్లండు అంతర్యుద్ధం ఇంకో మాటను ఇచ్చింది. శత్రువు మళ్లీ వాడుకోకుండా కోటను పాడుపెట్టడాన్ని 'స్లైట్' చేయడం అన్నారు, చదును చేయడమని దాని అర్థం. పార్లమెంటు ఆజ్ఞ మీద 1646లో కోర్ఫ్ కోటకు పట్టిన గతి అదే. ఆ శిథిలాలు డోర్సెట్‌లో ఇప్పటికీ ఉన్నాయి.

కొన్ని జంటలు నేర్చుకునేవారిని నిజంగా ఇబ్బంది పెడతాయి. పైకి లేపడమనే 'రెయిజ్', నేలమట్టం చేయడమనే 'రేజ్' ఉచ్చారణలో ఒకటే. మొదటిది స్కాండినేవియా నుంచి, రెండోది ఫ్రెంచి నుంచి వచ్చింది. అల్లిక పోగులు ఊడదీయడానికి 'రావెల్' అన్నా, 'అన్‌రావెల్' అన్నా సరిపోతుంది.

మలిచే పనులను తెలిపే 'కార్వ్', 'ఫోర్జ్' వంటి క్రియలకు మాత్రం వ్యతిరేకాలు నిలవలేదు. చెక్కేసిన కొయ్య తిరిగి దుంగ కాదు కదా. 'అన్‌మోల్డ్' అనే మాట ఉంది గాని, దాని అర్థం ఆకారం చెరపడం కాదు, అచ్చులోంచి వస్తువును బయటికి తీయడం.

వ్యతిరేకాలను పద్ధతిగా పక్కపక్కన పేర్చిన ఘనత పీటర్ మార్క్ రోజెట్ అనే వైద్యుడిది. ఆయన 1852లో వెలువరించిన 'థెసారస్' ఉత్పత్తికి ఎదురుగా విధ్వంసాన్ని నిలిపింది. 'యాంటనిమ్' అనే పారిభాషిక పదం 1867లో సి.జె. స్మిత్ కూర్చిన పర్యాయ, వ్యతిరేక పదాల పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది.

'అన్-' ఏ క్రియలతో కలుస్తుందో వివరించే ప్రయత్నాల్లో అన్నిటికన్నా చురుకైనది బెంజమిన్ లీ వార్ఫ్‌ది. అగ్నిప్రమాద బీమా సంస్థలో ఉద్యోగం చేస్తూనే ఆయన భాషాశాస్త్రం సాగించారు. కప్పడం, చుట్టడం, బిగించడం, అతికించడం వంటి పనులకే ఈ ఉపసర్గ చేరుతుందని గమనించారు. 'అన్‌టై', 'అన్‌కవర్' ఉన్నాయి, 'అన్‌బ్రేక్' లేదు. 'అన్‌మేక్' వంటి కొన్ని పాతబడిన మాటలు ఇందుకు మినహాయింపు. తర్వాత డి.ఎ. క్రూజ్ తన 'లెక్సికల్ సెమాంటిక్స్' (1986)లో ఇంకో మెలిక విప్పారు. చేసిన పనినే వెనక నుంచి ముందుకు చేయనక్కర్లేదు, ఆరంభ స్థితి, అంత్య స్థితి తారుమారైతే చాలు. ముడిని వేళ్లతో వేసి, దారం ఒక్క లాగు లాగి విప్పినా అది విప్పడమే.

కంప్యూటర్లు వార్ఫ్ గీసిన హద్దును దాటించాయి. 1991లో వచ్చిన ఎంఎస్-డాస్ 5.0లో 'అన్‌డిలీట్' అనే ఆదేశం ఉండేది. చెరిపేయడమనే లాటిన్ క్రియకే ఇంగ్లీషు 'అన్-' తగిలింది. ఆ వ్యవస్థలో ఫైలును తొలగిస్తే పట్టికలోని దాని పేరులో మొదటి అక్షరం మాత్రమే పోయేది. దాని చోటు ఖాళీ అని గుర్తు పడినా, ఆ చోటులో కొత్త సమాచారం వచ్చి పడేదాకా పాత సమాచారం డిస్కు మీదే ఉండేది. అందుకే 'అన్‌డిలీట్' ఆ మొదటి అక్షరమేదో చెప్పమని వాడుకరిని అడిగేది.