బరువు తగ్గించే మందు.. చీటీ ఏదీ?

‘నెలకు పది కిలోలు గ్యారంటీ. పథ్యం లేదు, వ్యాయామం లేదు. ప్రతి ఆదివారం ఫలానా లాడ్జీలో ఫలానా నెంబరు గదిలో సంప్రదించండి’... ఈ తరహా కరపత్రాలు జిల్లా పట్టణాల్లో బస్టాండు గోడలపైనా, ఆటోల వెనుకా కనిపిస్తూనే ఉన్నాయి. తెల్లవారుజామున దినపత్రిక మడతల్లోంచి జారిపడేవీ ఉన్నాయన్నది మేమూ ఒప్పుకోవాల్సిన నిజం. ఆశతో వెళ్లినవారి చేతికి అందేది పేరు లేని తెల్ల కవరు, అందులో నెలకు సరిపడా మాత్రలు. చీటీ ఉండదు, బిల్లు ఉండదు. ఆ మాత్రలు పడక గుండెదడతోనో, ఆగని వాంతులతోనో అర్ధరాత్రి ఆస్పత్రికి చేరితే డ్యూటీ డాక్టరు అడిగే మొదటి ప్రశ్న ‘ఏం మందు వాడారు?’ అన్నదే. ఆ ప్రశ్నకు రోగి వద్ద గానీ, వెంట వచ్చినవారి వద్ద గానీ సమాధానం ఉండదు.

స్థూలకాయానికి మందులు రాయడం నేరం కాదు. అందుకు శాస్త్రీయమైన మందులూ, వాటిని ఇచ్చే అర్హులైన వైద్యులూ ఉన్నారు. అయితే ఆ మందు ఎవరు రాయాలి, ఎక్కడ అమ్మాలి, ఎలా నమోదు చేయాలి అన్న విషయాల్లో చట్టం స్పష్టంగా ఉంది. చట్టం కోరే కాగితాలు ఏమిటో తెలిసిన రోగిని మోసగించడం అంత సులభం కాదు.

పాత మందులు.. నిషేధాలు

బరువు తగ్గించే మందుల చరిత్ర అంత నమ్మకమైనదేమీ కాదు. ఒకప్పుడు విరివిగా వాడిన ఫెన్‌ఫ్లురమైన్, డెక్స్‌ఫెన్‌ఫ్లురమైన్‌లు గుండె కవాటాలను దెబ్బతీస్తున్నాయని తేలడంతో 1998లో కేంద్ర ప్రభుత్వం వాటిని నిషేధించింది. మానసిక కుంగుబాటుకు, ఆత్మహత్య ఆలోచనలకు దారితీస్తోందన్న కారణంతో రిమోనబాంట్‌ను 2009లో నిషేధించారు. గుండెపోటు, పక్షవాతం ముప్పును పెంచుతోందని సిబుట్రమైన్‌పై 2011లో వేటు పడింది. నిషేధం వచ్చినంత మాత్రాన సరుకు మాయం కాలేదు. ‘మూలికా’ మందులుగా అమ్ముడవుతున్న బరువు తగ్గించే ఉత్పత్తుల్లో సిబుట్రమైన్ దాగి ఉన్నట్లు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పలుమార్లు హెచ్చరికలు జారీ చేసింది. పేరు లేని కవరును అనుమానించాల్సింది ఇందుకే.

ఇప్పుడు వంతు వారానికి ఒకసారి తీసుకునే సూదిమందులది. టిర్జెపటైడ్ ‘మౌంజారో’ పేరిట 2025 మార్చిలోనూ, సెమాగ్లుటైడ్ ‘వెగోవీ’ పేరిట అదే ఏడాది జూన్‌లోనూ మన దేశంలో విడుదలయ్యాయి. విడుదల నాడు మౌంజారో 2.5 మిల్లీగ్రాముల సీసా ధర రూ.3,500. నెలకు నాలుగు కావాలి. సెమాగ్లుటైడ్ పేటెంటు గడువు 2026 మార్చితో తీరడంతో దేశీయ కంపెనీల చౌక రకాలకు దారి తెరుచుకుంది. ధర దిగితే మందు చిన్న ఊళ్లకూ చేరుతుంది. మందుతోపాటు దాన్ని రాసే అర్హత లేనివారూ తయారవుతారు.

ఆర్‌ఎంపీ అంటే ఎవరు?

చీటీపైనే అమ్మాల్సిన మందు పెట్టెపై ‘ఆర్‌ఎక్స్’ గుర్తు ఉంటుంది. ‘రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్’ చీటీ లేనిదే అమ్మరాదన్న హెచ్చరికా ఉంటుంది. ఆ మూడు మాటల పొడి అక్షరాలే ఆర్‌ఎంపీ. మన పల్లెల్లో ఆర్‌ఎంపీ అంటే సైకిలుపైనో, మోటారు సైకిలుపైనో వచ్చి జ్వరానికి సూది వేసి వెళ్లే గ్రామీణ వైద్యుడు. ఆయన్ను ఊరంతా డాక్టరు గారనే పిలుస్తుంది. రాత్రివేళ ఆదుకునేదీ ఆయనే. అయినా చట్టం చెప్పే ఆర్‌ఎంపీ ఆయన కాదు. రాష్ట్ర వైద్య మండలి రిజిస్టరులో పేరు నమోదైన వైద్యుడే చట్టం దృష్టిలో ఆర్‌ఎంపీ. ఒకే పొడి పేరు ఇద్దరికీ ఉండటం వల్ల మందుల దుకాణాల కౌంటర్ల వద్ద జరుగుతున్న గందరగోళం అంతా ఇంతా కాదు.

రిజిస్టరులో పేరు లేకుండా అల్లోపతి వైద్యం చేస్తే జాతీయ వైద్య కమిషన్ చట్టం-2019లోని 34వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, రూ.5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. బ్యూటీ పార్లరు నిర్వాహకురాలికైనా, జిమ్ కోచ్‌కైనా, ‘డైట్ కౌన్సెలర్’ బోర్డు పెట్టుకున్నవారికైనా ఇదే వర్తిస్తుంది. ఆహార నియమాలు చెప్పడం వరకు వారి హక్కు. ఇంజక్షన్ రాయడం, వేయమనడం వారి పని కాదు.

కొత్త సూదిమందుల విషయంలో మరో మెట్టు ఉంది. వాటికి అనుమతి ఇచ్చినప్పుడే ఎండోక్రైనాలజిస్టులు, జనరల్ మెడిసిన్ నిపుణులు, కొన్ని సందర్భాల్లో హృద్రోగ నిపుణులు మాత్రమే రాయాలన్న షరతు విధించారు. అంటే ఎంబీబీఎస్ ఒక్కటే ఉన్న డాక్టరు గారు కూడా స్వయంగా ప్రారంభించకుండా నిపుణుడి వద్దకు పంపాల్సి ఉంటుంది.

చీటీలో ఏముండాలి

ఔషధ నిబంధనల్లోని 65వ నిబంధన ప్రకారం చీటీపై వైద్యుడి సంతకం, తేదీ, రోగి పేరు, చిరునామా, మందు మొత్తం పరిమాణం, మోతాదు ఉండాలి. మళ్లీ ఇవ్వవచ్చని వైద్యుడు రాయనిదే ఒకే చీటీపై రెండోసారి మందు ఇవ్వరాదు. ఆర్నెల్ల కిందటి చీటీని మడతలు పోయేదాకా దాచి నెలనెలా మందు తెచ్చుకునే మన అలవాటుకు ఇది విరుద్ధమే. వైద్యుల ప్రవర్తనా నియమావళి-2002 మేరకు క్లినిక్‌లోనూ, చీటీపైనా, రసీదుపైనా వైద్యుడి రిజిస్ట్రేషన్ నెంబరు కనిపించాలి. ఆ నెంబరు లేని చీటీని అనుమానించాల్సిందే.

ఫోను ద్వారా వైద్యానికి 2020 మార్చిలో వచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాలు వర్తిస్తాయి. అక్కడా రాయాల్సింది రిజిస్టరైన వైద్యుడే. కంప్యూటరు ప్రోగ్రాము రోగికి సలహా ఇవ్వడాన్నీ, మందు రాయడాన్నీ అవి అనుమతించవు.

క్లినిక్‌లోనే మందు ఇస్తే..

లైసెన్సు లేకుండా మందులు అమ్మితే ఔషధ, సౌందర్య సాధనాల చట్టం-1940 కింద మూడేళ్లకు తగ్గకుండా ఐదేళ్ల వరకు జైలు, రూ.లక్షకు తగ్గని జరిమానా తప్పదు. అయితే వైద్యుడు తన సొంత రోగికి తానే మందు ఇవ్వడాన్ని చట్టం కాదనలేదు. నిబంధనల్లోని షెడ్యూల్-కె ఈ వెసులుబాటు కల్పించింది. చాలామంది క్లినిక్ నిర్వాహకులు దీన్నే అడ్డుగా చూపుతారు. వెసులుబాటు వెనుక ఉన్న షరతులను మాత్రం చెప్పరు.

వైద్యుడు దుకాణం తెరిచి కౌంటరుపై అమ్మకూడదు. లైసెన్సున్న డీలరు వద్దో, తయారీదారు వద్దో మాత్రమే కొనాలి. కొన్న మందు పేరు, పరిమాణం, బ్యాచ్ నెంబరు, తయారీదారు వివరాలు రాసి ఉంచాలి. రోగికి ఇచ్చే ప్యాకెట్టుపై వైద్యుడి పేరు, చిరునామా, మందు పేరు, మోతాదు ఉండాలి. చీటీపైనే ఇవ్వాల్సిన మందులైతే ఎవరికి ఎంత ఇచ్చిందీ రిజిస్టరులో ఎక్కించాలి. ఈ పుస్తకాలు డ్రగ్స్ ఇన్‌స్పెక్టరు అడిగితే చూపాలి. తెల్ల కవరు ఈ షరతుల్లో ఒక్కదానికీ నిలవదు. కూర్పు తెలియని ‘రహస్య మందు’ను వైద్యుడు ఇవ్వడమే దుష్ప్రవర్తన అని 2002 నియమావళి చెబుతోంది.

సూదిమందుల్లో మరో ధోరణి ప్రమాదకరం. ఒక్క పెన్‌ను నలుగురికి పంచి డోసు చొప్పున డబ్బు వసూలు చేయడం కొందరికి లాభసాటిగా తోస్తుంది. సూది మార్చినా పెన్‌ను ఒకరికి మించి వాడరాదు. రక్తం ద్వారా వ్యాపించే జబ్బులు సోకే అవకాశముంది. తెరవని పెన్నులను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉంచాలి, గడ్డకట్టనీయరాదు. కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ పరిస్థితి ఏమిటని అడగడం రోగి హక్కే.

ఎవరికి ఇవ్వాలి

బరువును కిలోల్లో తీసుకుని, ఎత్తును మీటర్లలో తీసుకుని దానితోనే హెచ్చించి భాగిస్తే వచ్చేది బీఎంఐ. ఈ సూదిమందులకు అనుమతి బీఎంఐ 30 లేదా అంతకు మించినవారికి. మధుమేహం, రక్తపోటు వంటి జబ్బు తోడుంటే 27 నుంచే ఇవ్వవచ్చు. 160 సెంటీమీటర్ల ఎత్తున్న మహిళ 77 కిలోలుంటే బీఎంఐ 30 దాటుతుంది. 70 కిలోలైతే 27.3. షుగరో, బీపీయో ఉంటేనే ఆమెకు మందు. పెళ్లి ముహూర్తం నాటికి సన్నబడాలనుకునే 62 కిలోల యువతికి బీఎంఐ 24.2 మాత్రమే. ఆమెకు ఈ మందు రాయడానికి ఆధారమే లేదు. ఫొటో బాగా రావాలన్న కోరిక జబ్బు కాదు.

తమకు గానీ, కుటుంబంలో ఎవరికైనా గానీ మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ వచ్చి ఉంటే ఈ మందులు ఇవ్వరాదు. క్లోమగ్రంథి వాపు, పిత్తాశయ రాళ్లు ఉన్నాయేమో ముందే అడగాలి. గర్భిణులకు పనికిరావు. సెమాగ్లుటైడ్‌ను గర్భం దాల్చాలనుకునే కనీసం రెండు నెలల ముందే మానాలి. టిర్జెపటైడ్ గర్భనిరోధక మాత్రల ప్రభావాన్ని తగ్గించవచ్చు గనక మరో పద్ధతి కూడా పాటించాల్సి ఉంటుంది. షుగరుకు ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటివి వాడేవారిలో చక్కెర పడిపోకుండా ఆ మోతాదులు సరిచూడాలి. సెమాగ్లుటైడ్‌ను 0.25 మిల్లీగ్రాములతో, టిర్జెపటైడ్‌ను 2.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, కనీసం నాలుగు వారాలకొకసారి మెల్లగా పెంచడం పద్ధతి. తొలిరోజే పెద్ద డోసు వేస్తే వాంతులతో శరీరంలో నీరు తగ్గిపోతుంది. మందు మానితే తగ్గిన బరువులో ఎక్కువ భాగం తిరిగి వస్తుందన్న సంగతి మొదటి రోజే చెప్పని వైద్యుడు సగమే చెప్పినట్లు.

ఇక థైరాక్సిన్. థైరాయిడ్ లోపం లేనివారికి బరువు తగ్గడానికని ఈ మాత్ర ఇవ్వడం గుండెతో చెలగాటమే. మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రలతో తగ్గేది నీరే గానీ కొవ్వు కాదు.

బోర్డు సరే.. ప్రకటన కూడదు

ఔషధాలు, మాంత్రిక చికిత్సల (అభ్యంతరకర ప్రకటనల) చట్టం-1954లో ప్రకటించరాని జబ్బుల జాబితా ఒకటుంది. అందులో స్థూలకాయం కూడా ఉంది. దాన్ని నయం చేస్తామంటూ మందును ప్రచారం చేయడం నేరం. మొదటిసారి ఆరు నెలల వరకు, మళ్లీ చేస్తే ఏడాది వరకు జైలుశిక్షను ఆ చట్టం నిర్దేశించింది. ప్రకటన అంటే పత్రికలో వచ్చేది ఒక్కటే కాదు. కరపత్రం, లేబులు, కాంతి, శబ్దం, చివరకు పొగతో చేసే ప్రచారం కూడా అందులోకే వస్తాయి. ఆటోకు మైకు కట్టి తిప్పడమూ అంతే. రిజిస్టరైన వైద్యుడు తన క్లినిక్ వద్ద ‘ఇక్కడ స్థూలకాయానికి చికిత్స చేయబడును’ అని బోర్డు పెట్టుకోవడానికి మాత్రం చట్టంలో మినహాయింపు ఉంది.

పొడులు, షేకులు ఆహార భద్రతా చట్టం పరిధిలోకి వస్తాయి. హెల్త్ సప్లిమెంట్ డబ్బాపై ‘వైద్య అవసరాలకు కాదు’ అన్న అర్థమిచ్చే మాట తప్పనిసరి. తప్పుడు ప్రచారానికి రూ.10 లక్షల వరకు జరిమానా ఉంది.

ఫిర్యాదు ఎక్కడ?

మందుపై అనుమానం ఉంటే జిల్లాలోని డ్రగ్స్ ఇన్‌స్పెక్టరును, క్లినిక్ రిజిస్ట్రేషన్‌పై జిల్లా వైద్య, ఆరోగ్య శాఖాధికారిని, వైద్యుడి ప్రవర్తనపై రాష్ట్ర వైద్య మండలిని ఆశ్రయించాలి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయాలి. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపైతే రుసుము లేదు. సలహాకు 1915 నెంబరు ఉంది.

అంతగా తెలియని సదుపాయం మరొకటి ఉంది. 1940 చట్టంలోని 26వ సెక్షన్ మేరకు కొన్న మందును ఎవరైనా నిర్ణీత రుసుము చెల్లించి ప్రభుత్వ విశ్లేషకుడి చేత పరీక్ష చేయించుకోవచ్చు. అందుకే మిగిలిన మాత్రలు పారేయరాదు. ఖాళీ సీసా, పెట్టె, బ్యాచ్ నెంబరు, బిల్లు, చీటీ అన్నీ ఒకే కవరులో దాచి ఉంచాలి. రికార్డుల నకలు అడిగితే వైద్యుడు 72 గంటల్లో ఇవ్వాలి. మందు వికటిస్తే ముందు ఆస్పత్రికి వెళ్లాలి. ఆ తర్వాత దుష్ఫలితాన్ని 1800-180-3024 టోల్‌ఫ్రీ నెంబరుకు తెలపవచ్చు. రోగి స్వయంగా ఫోను చేసినా నమోదు చేసుకుంటారు.