బ్లీచింగ్ పౌడరూ, బడి బక్కెట్టూ



పాలకాయతిప్ప అనగానే 1977 నవంబరు 19 గుర్తుకొస్తుంది. ఆనాటి ఉప్పెన దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకుంది. మా అత్తయ్యగారిది ఆ ప్రాంతమే. "ఆకలికన్నా దాహానికే భయపడ్డామమ్మా, బావులన్నీ చెడిపోయాయి" అనేవారు. బ్లీచింగ్ పౌడరు వాసన వస్తే ఆవిడకు ప్రాణం కుదుటపడేది. ఆ నీళ్లు తాగొచ్చని ధైర్యం!

ఇంతకీ ఈ పొడి ఎక్కడిది? పూర్వం మన బందరు కలంకారీవాళ్లు బట్టను పేడనీళ్లలో నానేసి, పారే నీళ్లలో ఉతికి, ఎండలో ఆరేసి తెల్లబరిచేవారు. రోజులు పట్టేది. ఐరోపాలోనైతే నెలలే పట్టేవి. 1774లో స్వీడన్ దేశపు షీలే క్లోరిన్ వాయువును కనిపెట్టాడు. 1799లో స్కాట్లండుకు చెందిన చార్లెస్ టెనంట్ ఆ వాయువును సున్నంలో పట్టి పొడిగా చేసి, పేటెంటు పొందాడు. బట్టల కోసం పుట్టిన పొడి తరువాత నీళ్లలో క్రిములను చంపడానికీ అక్కరకొచ్చింది.

అయితే ఆ వాయువే 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర యుద్ధరంగంలో సైనికుల ఊపిరి తీసింది. బ్లీచింగులో బాత్‌రూము యాసిడ్ కలిస్తే వచ్చేదీ అదే!

మా అమ్మాయి చదివిన బడిలో ఒకసారి ఆయా, దొడ్డి బాగా శుభ్రపడుతుందని ఆ రెండూ ఒకే బక్కెట్లో పోసింది. పక్క గదిలో పిల్లలు దగ్గుతూ, కళ్లు నులుముకుంటూ బయటికి పరుగెత్తారు. కిటికీలు తెరిచి ఉండబట్టి సరిపోయింది. అందరూ ఆయానే తిట్టారు. కానీ ఆవిడకు చెప్పిందెవరు? యాసిడ్ ఉన్నది పేరులేని కూల్‌డ్రింకు సీసాలో!

2013 జూలైలో బీహారులోని గండామన్ గ్రామంలో, పురుగుమందు కలిసిన నూనెతో వండిన బడిభోజనం తిని 23 మంది పసివాళ్లు పోయారు. మందు ఎక్కడుండాలో అక్కడ ఉంచకపోతే ఎంత పనవుతుందో చూడండి.

అందుకే ఈసారి బడికి వెళ్లినప్పుడు మార్కులతో పాటు ఇదీ అడగండి. శుభ్రం చేసే మందులు వాటి సొంత డబ్బాల్లోనే, పేరుతో, తాళం వేసి, వంటగదికి దూరంగా ఉన్నాయా? ఒకదానితో ఒకటి కలపకూడదని ఆయాకు చెప్పారా? పిల్లలు ఇళ్లకు వెళ్లాకే కడుగుతున్నారా?

ఘాటు వాయువు వస్తే పిల్లల్ని వెంటనే ఆరుబయటికి తీసుకెళ్లాలి. కళ్లలో పడితే పదిహేను నిమిషాలు మంచినీళ్లతో కడగాలి. మింగితే వాంతి చేయించకూడదు. డబ్బాతో సహా డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

అత్తయ్యగారికి ధైర్యమిచ్చిన వాసన మన పిల్లలకు భయం కాకూడదు కదూ? సెలవు.