సరళీ స్వరాల చాకిరీ

మొన్న మా మనవరాలు ఫిడేలు పెట్టె టప్పున మూసేసి, "ఎన్నాళ్ళు తాతయ్యా ఈ సరిగమపదనిస? నాకు పాట వాయించాలనుంది" అంది. నాకు నవ్వూ వచ్చింది, మనసూ చివుక్కుమంది. పదేళ్ళప్పుడు అచ్చంగా ఆ మాటే అని సంగీతం మానేసిన ఘనుణ్ణి మరి!

మాయామాళవగౌళలో సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు ఇలా వరసగా పేర్చిపెట్టిన మహానుభావుడు పురందరదాసు (1484-1564) అంటారు. అంటే నాలుగున్నర శతాబ్దాలుగా పిల్లలు ఈ చాకిరీ చేస్తున్నారన్నమాట. ఒకటే వరస, మూడు కాలాలు, మళ్ళీ మొదటికి.

ఇది ఊహకు సంకెల అనుకున్నాన్నేను. కాని కచేరీలో కల్పనస్వరం చూడండి. అప్పటికప్పుడు స్వరాలల్లి, తాళం తప్పకుండా పల్లవి ఎత్తుగడ మీద వచ్చి వాలాలి. వేలెక్కడ పడాలో వెతుక్కునేవాడికి కొత్త ఊహకు తీరికేదీ?

ద్వారం వెంకటస్వామినాయుడుగారికి చూపు ఆనక బడిచదువు ఆగిపోయింది. అన్నగారి దగ్గర ఫిడేలు పట్టారు. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరదామని వెళితే, వాయిద్యం విని ఆచార్యుడిగా వేసుకున్నారు! 1936లో ప్రిన్సిపాలయ్యారు. పక్కవాద్యమైన ఫిడేలుతో ఒంటరిగా కచేరీలు చేసి మెప్పించారు. ఆ స్వేచ్ఛ సాధకం పెట్టిన భిక్ష.

ఈ పురాణమంతా పిల్ల వింటుందా? అందుకే పెట్టె తెరిచి, "నాకూ నేర్పవే" అన్నాను. ఇప్పుడది రెండో కాలంలో ఉంది. నేనింకా మొదటి కాలంలోనే.