దోర్నకల్ కథెడ్రల్: కట్టడము చెప్పే సాక్ష్యము

మన సంఘములలో క్రొత్త మందిరము కట్టవలెనని తలపెట్టినప్పుడు పెద్దలు మొదట గోపురము ఎత్తును గూర్చి మాట్లాడుతారు. కాపరి ఇంటి సంగతి చివరకు వస్తుంది. ఈ రెండింటినీ కలిపి ఆలోచించుటకు చిల్పూరు, జనగామ ప్రాంతపు సేవకులమైన మనకు పొరుగు జిల్లా మహబూబాబాద్‌లోనే, దోర్నకల్‌లో, ఒక మంచి పాఠమున్నది.

1910 జూన్‌లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సభాస్థలము స్కాట్లాండు ప్రెస్బిటేరియన్ సంఘమువారి అసెంబ్లీ హాలు. అక్కడ వి.యస్. అజరయ్యగారు మిషనరీల మనస్సు నొప్పించే సత్యమొకటి చెప్పారు. ఏండ్ల తరబడి కలిసి సేవచేసినా మిషనరీలు భారతీయ సేవకుల ఇండ్లకు రారు, వారితో కలిసి భోజనము చేయరు. మాకు స్నేహితులు కావలెను అన్నది ఆయన మనవి. అనగా సమస్య ఆరాధన మందిరములో కాదు, బంగళా గడపలో ఉన్నది.

తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడైన ఆయన తెలుగు నేర్చుకొని మన మధ్య సేవచేశారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది, ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్ అయ్యారు.

మెదక్‌లో 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెథడిస్టు దేవాలయము గోథిక్ పద్ధతిలో లేచినది. దోర్నకల్ మార్గము వేరు. ఇక్కడ గుమ్మటములు, మినారులు, ఆలయ మండపమును తలపించే స్తంభములు ఒక్కచోట కనబడతాయి. 1939 జనవరి 6న, తూర్పుదేశపు జ్ఞానులు కానుకలు తెచ్చిన ఎపిఫనీ పండుగనాడు, ఇది ప్రతిష్ఠింపబడినది. ఈ దేశపు శిల్పకళయు ప్రభువు పాదములయొద్ద ఉంచదగిన కానుకయే అన్న భావము ఆ దినముతో చక్కగా కలుస్తుంది.

ఇది అన్యాచారముల పోలిక కాదా అని కొందరు విద్యార్థులు అడుగుతారు. ఆ అధ్యక్ష మండలములోని విశ్వాసులలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబములవారు. గుడి మండపములోనికి తరతరములుగా రానివ్వని ప్రజలు, అటువంటి స్తంభముల నడుమ తమ సొంత మందిరములో కూర్చుండి ప్రార్థించారు. దీనిని అనుకరణ అనలేము. నిరాకరింపబడిన గౌరవము దేవుని ఇంట దొరికినది.

అజరయ్యగారు 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించారు. 1947లో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయములు దక్షిణ ఇండియా సంఘములో ఏకమైనవి.

సేవకులారా, మందిరమునకు ఎంత ఖర్చైనదో లెక్క వ్రాస్తాము. దానితోపాటు ఇంకొకటి కూడా చూచుకొందము. సంఘములో అందరికంటె పేదవాడు మన ఇంటికి వస్తే, గడప బయటనే నిలువబడుతున్నాడా, లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుంటున్నాడా?